చుక్క తొణకని రోడ్డు

మా ఇంజనీరు గారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. అంచుదాకా నీళ్లు నింపిన స్టీలు గ్లాసు చేత్తో పట్టుకుని రోడ్డు మీద నడవడం. అది తప్ప ఆయనకు ఇంకే దురలవాటూ లేదు. పేకాడరు, పొగ తాగరు, పై అధికారులను పొగడరు. ఈ మూడోది లేకపోవడం వల్లే ఆయన పాతికేళ్లుగా అదే కుర్చీలో కూర్చున్నారని మా ఆఫీసు మొత్తం నమ్మకం. కుర్చీ మారకపోయినా ఆయన పేరు మాత్రం మారింది. నేను చేరినప్పుడు రోడ్ల ఇంజనీరు గారు. ఏడాది తిరిగేసరికి గ్లాసు గారు.

నేను ఆ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ని. అంటే ఇంజనీర్లు చేతులు తిప్పుతూ చెప్పిందాన్ని నక్షాగా గీసేవాణ్ణి. ఆయన బల్లకు ఎదురుగానే నా బల్ల. పదేళ్లు ఆయన ముందు తల వంచుకుని గీశాను, ఆయన వీపు తిప్పగానే తల ఎత్తి నవ్వాను. ఆ పేరు పెట్టింది కూడా నేనే.

సరిగ్గా పదకొండు కొట్టేసరికి ఆయన సొరుగు లాగేవారు. గ్లాసు తీసి, జేబురుమాలుతో తుడిచి, వరండాలో ఉన్న చల్లనీళ్ల యంత్రం దగ్గరికి వెళ్లి నింపేవారు. మామూలుగా నింపడం కాదు. ఇంకొక్క చుక్క పడితే పొర్లిపోతుందనేదాకా నింపి, ఊపిరి బిగబట్టి, మెట్లు దిగి మెయిన్ రోడ్డు మీదికి నడిచేవారు. నెలల తరబడి ఏ ఫైలు కోసమూ లేవని మా గుమాస్తాలందరూ ఆ దృశ్యానికి మాత్రం లేచి కిటికీల దగ్గర చేరేవారు. కానీ మాకు కనిపించేది రోడ్డు మధ్యదాకానే. ఆ తర్వాత ఒక బస్సు అడ్డం వచ్చేది, దాని వెనక ఇంకోటి. పావుగంట తర్వాత ఆయన తడిసిన చొక్కాతో, ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చి, ఒక చిన్న పుస్తకంలో ఏదో రాసుకునేవారు.

"ఎంత పోయిందండీ ఇవాళ?" అని నేను వినయంగా అడిగేవాణ్ణి.

"మూడు వేళ్ల నీళ్లు."

"ఎక్కడండీ?"

"బస్టాపు దగ్గర ఒక వేలు. నడిరోడ్డు మీద ఒకటి. అవతలి గట్టు ఎక్కేటప్పుడు ఒకటి."

"మరి మిగతాది?"

"మిగతాది చేరింది."

ఎక్కడికి చేరిందో ఆయన చొక్కా చూసి మేమే తేల్చుకునేవాళ్లం. ఇంకేమీ అడిగేవాళ్లం కాదు.

దీని వెనక ఆయనకో సిద్ధాంతం ఉంది. "రోడ్డు బాగుందో లేదో మన కొలతలు చెప్పవయ్యా, నీళ్లు చెప్తాయి. మనిషి జంకితే చెయ్యి వణుకుతుంది. చెయ్యి వణికితే నీళ్లు తొణుకుతాయి. చుక్క తొణక్కుండా దాటగలిగితే అది రోడ్డు. లేకపోతే అది మనం జనానికి పెట్టిన పరీక్ష" అనేవారు. పరీక్ష రాసేది ఆయనొక్కరే కదా, రోజూ తప్పుతున్నారు కదా అని మేం చాటున అనుకునేవాళ్లం.

నడకతో ఆగితే బాగుండేది. సెలవు రోజుల్లో బస్సు కూడా ఎక్కేవారు, గ్లాసుతో సహా.

"ఏమండీ, సీటుంది, కూర్చుని తాగండి" అన్నాడట కండక్టరు.

"తాగడానికి కాదు బాబూ."

"మరెందుకు?"

"మీ డ్రైవరు బ్రేకు ఎలా వేస్తాడో చూద్దామని."

డ్రైవరు అప్పుడే వేసి చూపించాడు. నీళ్లన్నీ ముందు సీటాయన మెడలోంచి లోపలికి దిగిపోయాయి. ఆ తర్వాత ఆ దారిన వెళ్లే బస్సులేవీ గ్లాసు చేతిలో ఉన్న మనిషి కనబడితే ఆగడం మానేశాయి. ఆయన దాన్ని కూడా పుస్తకంలో రాసుకున్నారు, బస్సులు స్టాపులో ఆగడం లేదని.

ఇంకోసారి కూతురి బిడ్డను కూర్చోబెట్టి తిప్పే తోపుడు బండి ఎరువు తీసుకున్నారు. అందులో మెత్తగా దుప్పటి పరిచి, మధ్యలో గ్లాసు నిలబెట్టి, పైన నీడ కోసం పందిరి గుడ్డ దించి, వీధంతా తోసుకుంటూ తిరిగారు. ఎదురొచ్చిన పొరుగింటావిడ ముచ్చటపడి, "పాప నిద్రపోతోందా?" అంటూ గుడ్డ ఎత్తి చూసి రెండడుగులు వెనక్కి వేసిందట.

"కదపకమ్మా, నిండుగా ఉంది" అన్నారట ఈయన.

వాళ్లావిడ ఒకసారి ఆఫీసుకు వచ్చినప్పుడు నా దగ్గర వాపోయింది. "నాకు గ్లాసంటే కోపం లేదు బాబూ. ఇద్దరం కలిసి నడిచేటప్పుడు గ్లాసును గోడవైపు పెట్టుకుని, నన్ను బండ్లవైపు నడిపిస్తారు. అదే నా బాధ" అంది. ఆ ముక్క సాయంత్రంలోగా ఆఫీసు అంతా పాకింది. పాకించిన పుణ్యం నాదే.

ఇక మా మెయిన్ రోడ్డు సంగతి చెప్పాలి. పేరుకు అది అందరిదీ. నిజానికి ఆగిన కార్లది, ఆగని బస్సులది. సైకిలు మీద వెళ్లేవాళ్లు మురుగుకాలవ అంచున బతుకు జీవుడా అని వెళ్లేవారు. స్కూటర్లు ఫుట్‌పాత్ మీద నడిచేవి, మనుషులు రోడ్డు మీద పరిగెత్తేవారు. మా శాఖ ఆ రోడ్డును మూడుసార్లు బాగుచేసింది. బాగుచేయడమంటే పాత తారు మీద కొత్త తారు పొయ్యడం. రోడ్డు ఎత్తు పెరిగినప్పుడల్లా ఫుట్‌పాత్‌ను దానికంటే ఎత్తు లేపడం. మూడో బాగుసేత అయ్యేసరికి ఫుట్‌పాత్ మోకాలి ఎత్తుకు చేరింది. ఎక్కడానికి పక్కవాడి భుజం కావాలి, దిగడానికి గుండె ధైర్యం కావాలి.

ఆ మూడోసారే, నడవలేనివాళ్ల చక్రాల బండ్ల కోసం అవతలివైపు ఒక ర్యాంపు కట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అది గీసింది నేనే, కొత్తగా చేరిన హుషారులో. నా నక్షాలో ఎంత అందమైన వాలు అనుకున్నారు! కట్టినవాళ్లు అంగుళం తేడా లేకుండా కట్టారు. తీరా చూస్తే ర్యాంపు పైకి వెళ్లి కరెంటు స్తంభానికి తల బాదుకుంది. స్తంభం కరెంటు శాఖ నక్షాలో ఉంది. మా నక్షాలో లేదు కాబట్టి మాకు అది లేనట్టే లెక్క. వాళ్లను అడిగితే, మా నక్షాలో ర్యాంపు లేదు కదా అన్నారు. చివరికి స్తంభం కనబడకుండా పక్కనుంచి ఫోటో తీసి వార్షిక నివేదికలో అచ్చేశాం. ర్యాంపు మీద కుక్కలు హాయిగా పడుకునేవి. కనీసం అవైనా నన్ను తలుచుకుంటున్నాయి కదా అని జోకులేసేవాణ్ణి.

ఇలా ఉండగా రెండేళ్ల క్రితం, ఈ రోడ్డును నడిచేవాళ్లకూ సైకిళ్లకూ బస్సులకూ కార్లకూ అందరికీ భద్రంగా ఉండేలా మొదటినుంచీ కొత్తగా గీయమని ఆదేశం దిగింది. ముగ్గురు నిపుణులు వచ్చారు. రెండు వందల పేజీల నివేదిక ఇచ్చారు. అట్ట మీద బొమ్మలో అందరూ నవ్వుతూ నడుస్తున్నారు, ఒకడి చేతిలో బెలూను కూడా ఉంది. మా రోడ్డు మీద అలా నవ్వుతూ నడిచినవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను, వాడు తాగి ఉన్నాడు.

గ్లాసు గారు ఆ నివేదికను పక్కకు జరిపి, తన పుస్తకాలు తీశారు. తొమ్మిదేళ్లవి. ఎక్కడ ఎన్ని వేళ్ల నీళ్లు పోయాయో మొత్తం ఉంది. వాటిని బట్టి ఆయన చెప్తుంటే నేను గీశాను. కార్లకు అటొక వరస, ఇటొక వరస. సైకిళ్లకు గట్టు కట్టి విడిగా దారి. బస్సు పక్కకు తిరక్కుండా తిన్నగా వచ్చి ఆగేలా ముందుకు జరిపిన స్టాపు. అరచేయి ఎత్తున వెడల్పాటి ఫుట్‌పాత్. అన్నిటికంటే ముఖ్యం, రోడ్డుకు అడ్డంగా ఎత్తు క్రాసింగు. అంటే అక్కడ రోడ్డే లేచి ఫుట్‌పాత్‌తో సమానమవుతుంది. మనిషి దిగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు. కారే నెమ్మదిగా ఎక్కి దిగాలి.

అంతా బాగానే ఉంది కానీ, ఆ క్రాసింగు పెట్టిన చోటే ఎవరికీ కొరుకుడు పడలేదు. పద్ధతి ప్రకారం అది మలుపు దగ్గర, బ్యాంకు ముందు ఉండాలి. ఈయన సరిగ్గా మా ఆఫీసు గేటు ముందు పెట్టమన్నారు.

"ఇక్కడే ఎందుకండీ?"

"ఇక్కడే కావాలి."

"ఎవరికి?"

"దాటేవాళ్లకి."

గ్లాసు ఊరేగింపుకు రాజమార్గం వేయించుకుంటున్నారని ఆఫీసులో చెప్పాను. వారం రోజులు నవ్వుకున్నాం.

వీధిలో మాత్రం ఎవరూ నవ్వలేదు. వ్యాపారుల సంఘం అధ్యక్షుడు పెద్ద బట్టల కొట్టాయన. కొత్త నక్షాలో ఆయన కొట్టు ముందు ఆరు కార్లు ఆగే చోటు పోతోంది. మా ఆఫీసుకొచ్చి బల్ల గుద్దాడు.

"కారు ఆపుకునే చోటు లేకపోతే కొనేవాడు ఎలా వస్తాడండీ?"

"నడిచి వస్తాడు" అన్నారు గ్లాసు గారు.

"నడిచొచ్చేవాడు చొక్కాలు కొంటాడా?"

"తడిస్తే కొంటాడు."

వార్డు మెంబరు గారు ఇద్దరికీ మద్దతిచ్చారు. ఎదురుగా ఎవరుంటే వాళ్లవైపు తల ఊపడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

చివరికి కమిషనర్ గారు అందరినీ కూర్చోబెట్టి తేల్చేస్తానన్నారు. ఆవిడ కొత్తగా వచ్చారు, గడియారం చూసి మాట్లాడే మనిషి. ఆ రోజు క్రాసింగు కొట్టేస్తే పార్కింగు ఉంటుంది. పార్కింగు ఉంటే సైకిళ్ల దారి పోతుంది. అది పోతే మిగిలేది నాలుగో పొర తారు. గ్లాసు గారు రిటైరవడానికి రెండు నెలలుంది. ఇంకో అవకాశం రాదని మా అందరికీ తెలుసు.

మీటింగులో పదకొండు కావొస్తుండగా ఆయన వంతు వచ్చింది. లేచి గడియారం వైపు చూశారు, తలుపు వైపు చూశారు, తర్వాత వంగి నా చెవిలో అన్నారు.

"ఒక పని చేసిపెడతావా?"

"చెప్పండి."

"సొరుగులో గ్లాసుంది. నిండుగా పట్టుకెళ్లి అవతల కరెంటు స్తంభం పక్కన తాళాలాయన ఉంటాడు, ఆయనకిచ్చి రా."

"ఇవ్వడమా?"

"తొందరగా వెళ్లవయ్యా. ఆలస్యమైతే కసురుతాడు."

వెళ్లాను. కిటికీల్లో మా వాళ్లంతా నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మొదటి అడుగులోనే బస్సు హారన్ కొట్టింది, ఒక వేలు పోయింది. నడిరోడ్డు మీద ఒక స్కూటరు నా ముందునుంచి, ఇంకోటి వెనకనుంచి దూసుకెళ్లాయి, ఇంకో వేలు. అవతల గట్టు మోకాలంత ఎత్తుంది. గ్లాసుతో ఎక్కలేక, నేను గీసిందే కదా అన్న ధీమాతో ర్యాంపు ఎక్కాను. చూపంతా గ్లాసు మీదే ఉంది. స్తంభానికి మోచెయ్యి ఠంగున తగిలి, మిగిలిన దాంట్లో మంచి వాటా నా చొక్కాలోకి పోయింది.

ఆగిన కార్ల చాటున, ఫుట్‌పాత్ మీద, చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలో ఒక పెద్దాయన కూర్చుని తాళంచెవి ఆకురాయితో అరగదీస్తున్నాడు. వెనక పలక మీద వందల తాళంచెవులు వేలాడుతున్నాయి. తలెత్తకుండానే చెయ్యి చాచాడు. గ్లాసు అందుకుని, అందులోకి చూసి, అప్పుడు నన్ను చూశాడు.

"ఆయన రాలేదే?"

"మీటింగులో ఉన్నారు."

"సగమే ఉంది."

"అదీ... రోడ్డు..."

"తెలుసు. మొదటిరోజు ఆయన తెచ్చిందీ ఇంతే. సగం మీ రోడ్డు తాగింది, సగం నాకు మిగిలింది."

గుక్కెడు తాగి ఆయనే చెప్పాడు. "తొమ్మిదేళ్లయింది. కొత్త రోడ్డేసి, ఇక ఎవరైనా పదకొండు సెకన్లలో దాటేయొచ్చని మీ ఇంజనీరు ఇక్కడ నిలబడి అందరికీ చెప్తున్నాడు. మీ ఆఫీసులో చల్లనీళ్లొస్తాయట, వెళ్లి తాగి రానా అన్నాను. రండి అన్నాడు. తర్వాత నా బండిని చూశాడు. ర్యాంపును చూశాడు. దాని కొసన స్తంభాన్ని చూశాడు. మారు మాట్లాడకుండా వెళ్లి ఈ గ్లాసు తెచ్చాడు. మీరే వచ్చి తాగేదాకా రోజూ నేనే తెస్తానన్నాడు. నాకు సీసా ఉంది బాబూ, ఈ గట్టు వెనక సందులోనే ఇల్లు, అక్కడే నింపుకొస్తాను. ఎన్నోసార్లు చెప్పాను. వింటేనా?"

"మరి ఇన్నేళ్లూ..."

"దాహం లేకపోయినా తాగుతున్నాను. ఏం చెయ్యను, అంత కష్టపడి తెస్తాడు, వద్దంటే చిన్నబుచ్చుకుంటాడు." ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి మళ్లీ ఆకురాయి అందుకున్నాడు. "ఆ ర్యాంపు గీసిన మహానుభావుణ్ణి మాత్రం ఒక్కసారి చూడాలని ఉంది. ఎవరని ఎన్నిసార్లు అడిగినా మీ ఇంజనీరు చెప్పడు. తప్పు ఆఫీసుదంటాడు, అంతే."

నేను నేల చూపులు చూశాను. తొమ్మిదేళ్లు నా ఎదురు బల్ల దగ్గర కూర్చుని, నా తప్పును గ్లాసులో పోసుకుని మోస్తూ, ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నేనేమో కిటికీలో నిలబడి ఎంత పోయిందండీ అని వేళాకోళం చేశాను. సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

తిరిగి మీటింగు గదిలోకి వెళ్లేసరికి నా బట్టల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"బయట వర్షమా?" అన్నారు కమిషనర్ గారు.

"కాదండీ, రోడ్డు."

బట్టల కొట్టాయన పకపకా నవ్వాడు. "రోడ్డు దాటడం కూడా రాదా మీ వాళ్లకి? నేను రోజుకు పదిసార్లు దాటుతాను."

పదేళ్లలో ఒక్క మీటింగులోనూ నోరు విప్పనివాణ్ణి, ఆ రోజు ఏం పూనిందో తెలియదు. "అయితే ఒక గ్లాసు నీళ్లతో దాటి చూపించండి" అన్నాను. గదిలో అందరూ నావైపు తిరిగారు. కమిషనర్ గారు గడియారం చూసి, "నాకూ ఒకటి తెప్పించండి" అని లేచారు.

అలా ముగ్గురు పెద్దలు మూడు నిండు గ్లాసులతో మెయిన్ రోడ్డు మీదికి దిగారు. బట్టల కొట్టాయన మూడో అడుగులో, తన కొట్టుకే వస్తున్న కారు హారన్ కొడితే ఉలిక్కిపడి గ్లాసు మొత్తం తన పొట్ట మీదే దిమ్మరించుకున్నాడు. వార్డు మెంబరు గారు నడిరోడ్డు దాకా వెళ్లి, ముందుకు వెళ్లాలో వెనక్కి రావాలో తేల్చుకోలేక, రెండువైపులా వచ్చే బండ్లకు తల ఊపుతూ అక్కడే ఉండిపోయారు. ఆయన్ని చెయ్యి పట్టుకుని తేవాల్సి వచ్చింది. కమిషనర్ గారు మాత్రం అవతలికి చేరారు, రెండు వేళ్ల నీళ్లతో. కార్ల చాటునుంచి ఒక గొంతు వినిపించింది.

"మళ్లీనా! ఇప్పుడే కదమ్మా తాగాను. ఇవాళ ఎంతమందిని పంపుతాడు ఈయన?"

ఆవిడ అక్కడ పావుగంట నిలబడి విన్నారట. వచ్చి కుర్చీలో కూర్చుని నక్షాలో క్రాసింగు పక్కన సంతకం పెట్టారు. రెండు వందల పేజీల నివేదిక కూడా ఆ రోజే మొదటిసారి ఉపయోగపడింది. బట్టల కొట్టాయన తడి బట్టలతో కూర్చోవడానికి, కుర్చీ మీద అదే పరిచాం.

పని ఎనిమిది నెలలు పట్టింది. స్తంభాన్ని జరపడానికే అందులో మూడు నెలలు. మా ఆఫీసు మెట్ల పక్కన కూడా ఒక ర్యాంపు కట్టారు, ఈసారి స్తంభాలు చూసుకునే గీశాను. గ్లాసు గారు మధ్యలో రిటైరయ్యారు. అయినా రోజూ పదకొండుకు వచ్చి, ఇప్పుడు నాదైన సొరుగు తీసి, గ్లాసు నింపుకుని, తవ్విన గుంతల మధ్యనుంచి అవతలికి వెళ్లేవారు. ఎంత పోయిందని నేను అడగడం మానేశాను. వార్డు మెంబరు గారు రిబ్బను కత్తిరించి, ఈ రోడ్డు తన చిన్ననాటి కల అన్నారు. నడిచొచ్చేవాళ్లు పెరిగి బట్టల కొట్లో నిలబడటానికి చోటు లేదు. క్రాసింగు ఆలోచన తనదేనని కొట్టాయన ఇప్పుడు కొనేవాళ్లందరికీ చెబుతున్నాడు.

రిబ్బను కత్తిరించిన మర్నాడు గ్లాసు గారు వచ్చి సొరుగు మీద చెయ్యి వేశారో లేదో, కిటికీల దగ్గర మా వాళ్లు కేక వేశారు. వెళ్లి చూస్తే తాళాలాయన. ఒక చేత్తో బండి తిప్పుతున్నాడు. రెండో చేతిలో నిండు గ్లాసు. క్రాసింగుకు అటూ ఇటూ కార్లు, బస్సు, సైకిళ్లు ఆగి ఉన్నాయి. ఆయన ఎవరి వైపూ చూడకుండా, గ్లాసు వైపే చూస్తూ, తిన్నగా మా గేటులోకి వచ్చాడు.

"తాగండి. మా ఇంటి నీళ్లు" అని గ్లాసు గారికి అందించాడు.

ఆయన అందుకుని, కళ్లజోడు సర్దుకుని, లోపలికి చూశారు. అడగాల్సింది అడిగారు. "ఎంత పోయింది?"

"రెండు చుక్కలు. మీ గేటు దగ్గర రాళ్లు కలిసేచోట చిన్న ఎత్తుంది. ఎవరు గీశారో?"

ఇద్దరూ నావైపు చూశారు.

"నేనేనండీ" అన్నాను. "అప్పటి ర్యాంపు కూడా నేనే."

"తెలుసులే. ఆ రోజు స్తంభాన్ని గుద్దుకుని వచ్చినప్పుడు నీ మొహం చూస్తేనే తెలిసింది" అన్నాడు తాళాలాయన. "ఆ చల్లనీళ్ల యంత్రం ఎక్కడో చూపించు, ముందు."

గ్లాసు గారు నీళ్లు గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, సొరుగులోంచి తన గ్లాసు తీసి నా చేతిలో పెట్టారు.

"నింపు. ఆ రెండు చుక్కలు ఎక్కడ పోయాయో చూసి రా."

ఊపిరి బిగబట్టి, అంచుదాకా నింపుకుని, మెట్లు దిగాను. వెనక కిటికీలోంచి కొత్తగా చేరిన గుమాస్తా గొంతు వినయంగా వినిపించింది.

"ఎంత పోయిందండీ ఇవాళ?"